ఎంత వేగం చాలు?

మా ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఒక మారుతి 800 నిలబడి ఉంటుంది. 2001లో ఉపాధ్యాయుల సహకార సంఘంలో అప్పు తీసుకొని కొన్నాను. అప్పటికి బిలోలిలో మా సందు మొత్తానికి అదొక్కటే కారు. ఇప్పుడు మా సందులో అదొక్కటే పాత కారు. మొదటి పదిహేనేళ్ల రిజిస్ట్రేషను 2016లో తీరిపోతే ఒకసారి, 2021లో మరొకసారి అయిదేసి సంవత్సరాలు పొడిగించుకున్నాను. ఆ గడువు కూడా 2026తో తీరుతుంది. ఇరవై ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ రుసుము 2025 ఆగస్టులో పదివేల రూపాయలయింది. ఆ మరుసటి నెలలోనే చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పాతది వదిలించుకో, కొత్తది కొనుక్కో అని ప్రభుత్వమే రెండు వైపుల నుంచీ చెబుతుంటే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా?

అబ్బాయి పూణేలో ఉంటాడు. "బాపూ, ఇంకెన్ని రోజులు ఆ డబ్బాల తిరుగుతవు? మంచి టర్బో బండి తీసుకో. నాందేడు గంటల పోయి రావచ్చు" అంటాడు. అమ్మాయి నిజామాబాదులో ఒక దవాఖానాలో నర్సు. "ఈ వయసుల ఉరుకుడు నీకెందుకు బాపూ? ఆరు ఎయిర్‌బ్యాగులున్నది చూసుకో, చాలు" అంటుంది. ఒకరు వేగం వైపు, ఒకరు వివేకం వైపు. నేను ఇద్దరికీ "చూద్దాం" అని చెబుతూ వచ్చాను. ముప్ఫై రెండేళ్లు బడిపంతులుగా పనిచేసినవాడికి "చూద్దాం" అనే మాటలో ఎంత పిరికితనం దాక్కోగలదో తెలుసు.

ఇది మీ ఇంటి విషయం, పత్రిక కెక్కించవలసినంతటిదా అని పాఠకులు అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కాని ఆలోచిస్తున్న కొద్దీ ఇది కారు గురించిన ప్రశ్నగా మిగలలేదు. మనిషికి ఎంత వేగం కావాలి, ఆ వేగం ఎవరి కోసం కావాలి అనే ప్రశ్నగా మారింది. దానికి జవాబు వెతుకుతుంటే పద్నాలుగేళ్ల కిందటి ఒక రాత్రి ఎదురయింది. ఆ రాత్రి గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు లెక్క. పంతులు బుద్ధి కదా, లెక్కతోనే మొదలవుతుంది.

అబ్బాయి చెప్పిన కారు రోడ్డెక్కేసరికి పన్నెండు లక్షలవుతుంది. నా పింఛను నెలకు 38,000. అంటే రెండేళ్ల ఏడు నెలల పింఛను పైసా ఖర్చు పెట్టకుండా పోసినా ఇంకా కొంచెం మిగులుతుంది. నేను ఏడాదికి సుమారు నాలుగు వేల కిలోమీటర్లు తిరుగుతాను. మా రోడ్ల మీద నా బండి సగటున గంటకు 40 పోతుంది. కొత్తది సగటున 60 పోతుందనుకుందాం, పోనివ్వదుగాని. ఏడాదికి నూరు గంటల ప్రయాణం 67 గంటలకు దిగుతుంది. పదేళ్లకు ఆదా అయ్యేది 330 గంటలు, పద్నాలుగు రోజులన్నమాట. పద్నాలుగు రోజులు మిగుల్చుకోవడానికి ముప్ఫై ఒక్క నెలల జీవనం పెట్టాలి.

ఇలాంటి లెక్కే ఇవాన్ ఇల్లిచ్ అనే ఆలోచనాపరుడు 1974లో వచ్చిన తన చిన్న పుస్తకం "ఎనర్జీ అండ్ ఈక్విటీ"లో వేశాడు. సగటు అమెరికన్ మగవాడు కారు నడపడానికి, నిలపడానికి, దాని వాయిదాలు, పెట్రోలు, బీమా, పన్నులు కట్టేటంత సంపాదించడానికి ఏడాదికి 1,600 గంటలు ఖర్చు పెడుతున్నాడని, ఆ గంటల్లో అతను పోయేది 7,500 మైళ్లేనని చూపించాడు. గంటకు అయిదు మైళ్ల లోపు. మన లెక్కలో ఎనిమిది కిలోమీటర్లు కూడా కాదు. సైకిలు తొక్కేవాడు అంతకంటె ముందే చేరుతాడు.

వేగానికి ఇంకో లెక్క కూడా ఉంది. అది డబ్బుతో తీరేది కాదు. గుద్దుకున్నప్పటి దెబ్బ వేగంతో పాటు సమంగా పెరగదు. వేగం వర్గంతో పెరుగుతుంది. యాభై మీద పోయే బండి ఎనభై మీద పోతే దాని లోపలి శక్తి రెండున్నర రెట్లవుతుంది. ఆ రెండున్నర రెట్లు ముందు తగిలేది రోడ్డు మీద నడిచేవాడికి. మా దారి చూసినవాళ్లకు తెలుసు. మంజీర నుంచి ఇసుక లారీలు, చెరకు కాలంలో వెనక దీపం లేని ట్రాక్టర్లు, సోయాబీను ఆరబోసిన సగం రోడ్డు, పొలం నుంచి నెత్తిన గడ్డిమోపుతో వచ్చే ఆడవాళ్లు. ఈ దారిలో నేను మిగుల్చుకొనే ప్రతి నిమిషానికీ హామీ ఇచ్చేది వాళ్లు. వాళ్లను అడిగి మాత్రం నేను ఆ నిమిషం తీసుకోను.

ఇక్కడితో ఆపితే వ్యాసం తేలికగా ముగిసేది. వేగం వ్యర్థం, నెమ్మది మేలు అని నాలుగు వాక్యాలు రాసి పంపేవాణ్ణి. కాని సగటు లెక్కలు మనిషిని మోసం చేస్తాయి. పదేళ్లలో పద్నాలుగు రోజులు అన్నాను. ఆ పద్నాలుగు రోజుల్లో ఒక అరగంట ఒకరి ప్రాణం కావచ్చు. మిగతా అంతా వ్యర్థమైనా ఆ అరగంట కోసమైనా వేగం కొనుక్కోవాలి కదా? ఈ ప్రశ్నను తప్పించుకోవడానికి నాకు హక్కు లేదు. ఎందుకంటే ఆ అరగంట నా జీవితంలో వచ్చింది.

2011 డిసెంబరు. మా ఎదురింట్లో ఒక దర్జీ ఉండేవాడు. నా కంటె పదేళ్లు చిన్న. నన్ను గురుజీ అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. ఆ దీపావళికి నా కారు సీట్లకు కొత్త కవర్లు కుట్టింది అతనే. గుడ్డ ధర మాత్రం తీసుకొని కూలి వద్దన్నాడు. ఒక రాత్రి ఒంటిగంటకు అతని భార్య వచ్చి తలుపు కొట్టింది. ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమట. నేనూ, వాళ్ల బావమరదీ అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టి బయలుదేరాం. నాందేడు డెబ్బై కిలోమీటర్ల పైన. బోధన్ మీదుగా నిజామాబాదు అయితే యాభైకి అటూ ఇటూ. అటే తిప్పాను.

యెస్గి దగ్గర మంజీర దాటేసరికి మాట్లాడుతున్నాడు. బోధన్ దాటాక మాట్లాడలేదు. దవాఖానా చేరేసరికి గంటంబావు పట్టింది. డాక్టరు చూసి, "అరగంట ముందు తెచ్చి ఉంటే" అన్నాడు. ఆ వాక్యం పూర్తి చేయలేదు.

ఆ అసంపూర్ణ వాక్యాన్ని నేను చాలా రోజులు మోశాను. యాభై కిలోమీటర్లకు గంటంబావు, అంటే గంటకు 40. ఎనభై మీద పోగలిగితే 37 నిమిషాల్లో చేరేవాణ్ణి. డాక్టరు అడిగిన అరగంట సరిగ్గా దొరికేది. చిన్న ఇంజను, 796 సీసీ, మూడు సిలిండర్లు, లోపల నలుగురం. బండి బలహీనత వల్ల ఒక మనిషి పోయాడా అని నన్ను నేను అడుగుకొనేవాణ్ణి. వేగంగా పోయే బండి కొనమని ఆ రోజుల్లో ఎవరైనా అని ఉంటే మర్నాడే అప్పు తీసేవాణ్ణి.

నిజానికి ఆ చలికాలపు రాత్రి, చెరకు ట్రాక్టర్ల నడుమ, ఆ గుంతల రోడ్డు మీద ఏ కారూ ఎనభై సగటు పోదు. యాభై అయితే పోయేదేమో, అప్పుడు పావుగంట మిగిలేది. ఈ సంగతి నాకు నెమ్మదిగా తెలిసివచ్చింది. అసలు సంగతి పదకొండో రోజున తెలిసింది. అతని భార్య మా ఇంటామెతో చెబుతుంటే విన్నాను. నొప్పి రాత్రి తొమ్మిదింటికే మొదలయిందట. "గురుజీ పండుకున్నడు కావచ్చు, ఊకె లేపుడెందుకు, తెల్లారినంక అడుగుదం అన్నడు వదినె. నేను రెండుసార్లు లేస్తి, రెండుసార్లు కూసోబెట్టిండు."

తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. నాలుగు గంటలు. మా రెండిళ్ల మధ్య సందు వెడల్పు పన్నెండు అడుగులు. ఆ రాత్రి అందరికంటె నెమ్మదిగా సాగిన ప్రయాణం ఆ పన్నెండు అడుగులదే. యాభై కిలోమీటర్లకు గంటంబావు పడితే, పన్నెండడుగులకు నాలుగు గంటలు పట్టింది.

ఎందుకు పట్టింది? మొహమాటం అంటాం మనం. ఆ మాట చాలా సంగతులను కప్పేస్తుంది. నేను మాత్రం ఒకటి చెప్పవలసి ఉంది. కవర్లు కుట్టిన వారానికి అతని చిన్న కొడుకు బురద కాళ్లతో బండి ఎక్కబోయాడు. "కాళ్లు దులుపుకొని ఎక్కురా, కొత్త కవర్లు" అన్నాను నేను. కోపంగా ఏమీ అనలేదు. దర్జీ అక్కడే ఉన్నాడు. నవ్వాడు. పిల్లవాణ్ణి కిందికి దింపి, తన భుజం మీది తువ్వాలుతో వాడి కాళ్లు తుడిచి, మళ్లీ ఎక్కించాడు. ఆ మాట వల్లనే ఆ రాత్రి ఆగాడని నేను రుజువు చేయలేను. ఆ మాట వల్ల ఆగలేదని నాకు నేను చెప్పుకోనూ లేకపోతున్నాను.

ఆ తరవాత కవర్లు తీసేశాను. బండి తాళంచెవిని లోపలి అలమారా నుంచి తెచ్చి అరుగు మీద, తలుపుకు బయట, ఒక మేకుకు తగిలించాను. సందులో లైసెన్సున్న ముగ్గురు కుర్రవాళ్లకు చెప్పాను, నన్ను లేపినా సరే, లేపకున్నా సరే అని. నాకు తెలియకుండా ఆ బండి రెండుసార్లు నాందేడు పోయివచ్చింది. ఒకసారి తిరిగివచ్చినప్పుడు వెనక సీట్లో ఒక పసిపాప ఉంది.

అందుచేత కొత్త కారు అనగానే నాకు భయం కలుగుతుంది. ఆ భయం డబ్బు గురించి కాదు. పన్నెండు లక్షల బండిని ఆ మేకుకు తగిలించగలనా? నన్ను నేనెరుగుదును. రెండు మూడు వందల రూపాయల సీటు కవరుకే ఒక పసివాడి కాళ్లు తుడిపించినవాణ్ణి. వస్తువు విలువ పెరిగిన కొద్దీ అది గుమ్మం లోపలికి జరుగుతుంది. అడిగేవాడి నోరు ఇంకా ముడుచుకుంటుంది. వేగమైన బండి కొని, దాన్ని అడగడానికి ఎదుటివాడికి పట్టే కాలాన్ని పెంచితే, మొత్తం మీద నేను వేగం కొన్నానా, ఆలస్యం కొన్నానా?

ఈ వాదం నాకు బాగా నచ్చింది. నచ్చిన వాదాన్ని అనుమానించడం కూడా ధర్మమే. దాన్ని మా అమ్మాయి ఒక్క పూటలో కూలగొట్టింది.

"బాపూ, నీ బండిల ఎయిర్‌బ్యాగు లేదు. ఏబీఎస్ లేదు. ముందు రేకు ఎంత పలచగున్నదో నీకెరుక. దాంట్ల నలుగురిని ఎక్కించుకొని పోతవు. నువ్వు మంచోడివని వాళ్లు ఎక్కుతరు. వాళ్ల పానం నీ మంచితనం మీద పెడుతున్నవా? ఇంకోటి, ఇప్పుడు 108 ఉన్నది కదా" అంది.

రెండు మాటలూ నిజమే. ముందు 108 సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టులోనే ఆ సేవ మొదలయింది. మంజీరకు అవతల బోధన్‌లో ఆ తెల్లబండ్లు తిరుగుతుంటే ఇవతల మేము చూస్తూ ఉండేవాళ్లం. మహారాష్ట్రలో 2014లో వచ్చింది. ఎనిమిదేళ్లకు పైగా ఒక నది వెడల్పు తేడా. దర్జీ పోయింది ఆ ఎనిమిదేళ్లలోనే. ఈ రోజు అదే నొప్పి వస్తే నా కారు కంటె ముందు ఫోను చేయడం మంచిది. అంటే "ఊరికి పనికొచ్చే బండి" అని నేను చెప్పుకొనేది సగం నిజం, సగం నా గర్వం. ఇప్పుడది ఎక్కువగా డయాలిసిస్‌కు పోయే ఒక ముసలాయనను, పరీక్షలకు పోయే పిల్లలను తీసుకుపోతుంది. వాళ్లకు అరగంట తొందర లేదు. క్షేమంగా తిరిగిరావడం కావాలి.

ఇక రెండో మాట. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచి. నా బండి పుట్టిననాడు ఆ ఊహే లేదు. అప్పుడు నేను ఎక్కించుకున్నది తెలియక. ఇప్పుడు తెలిసి ఎక్కించుకుంటున్నాను. తెలిసి చేసేదానికీ తెలియక చేసేదానికీ ధర్మంలో తేడా ఉంది. పాత వస్తువు మీద మమకారం నా సొంతం. దాని వల్ల వచ్చే ప్రమాదం మాత్రం పక్క సీట్లో కూర్చున్నవాడిది కూడా. నా మమకారానికి అతను ఎందుకు జామీను ఉండాలి?

ఇక్కడ ఒక పక్కదారి పట్టక తప్పదు. మా కారు నంబరు ఎంహెచ్ 26తో మొదలవుతుంది. సాలూర దాటగానే "మహారాష్ట్ర బండి" అంటారు. నాందేడులో దిగి నోరు తెరిస్తే "తెలుగువాళ్లు" అంటారు. 1956లో రాష్ట్రాలను విడదీసినప్పుడు నాందేడు జిల్లా నుంచి ముధోలు, భైంసా, కుబీరు సర్కిళ్లనూ, దెగ్లూరు తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లనూ ఆంధ్ర వైపు కలిపారు. బిలోలి ఇటే ఉండిపోయింది. అప్పటి నుంచి మా తల్లిదండ్రులు పిల్లల చదువు విషయంలో అడుగుతున్నదీ ఈ ప్రశ్నే. ఇంట్లో ఉన్న చిన్న బండి తెలుగు. తెలివైన ఎంపిక మరాఠీ. వేగమైనది ఇంగ్లీషు. పంతులుగా నేను ఎందరికో తెలివైన సలహా ఇచ్చాను. ఆ సలహా తప్పని ఇప్పటికీ అనను. కాని ఒక తేడా అప్పుడు చెప్పి ఉండవలసింది. భాష బండి లాంటిది కాదు, కొత్తది తెచ్చుకుంటే పాతదాన్ని అమ్మవలసిన పని లేదు. బండి విషయంలో ఆ సౌకర్యం లేదు. రేకు అరుగుతుంది. అరిగిన రేకును భాషలాగా ప్రేమించడం నా పొరపాటు.

అందుచేత ఒక నిర్ణయానికి వచ్చాను. వేగమైనది వద్దు. దాని మీద నాకిప్పుడు సందేహం లేదు. పాతది ఉంచుకోవడమూ వద్దు. కొనేదానికి మూడు పరీక్షలు పెట్టుకున్నాను. ఎక్కినవాడు క్షేమంగా దిగాలి. అడిగేవాడికి నోరు రావాలి. దాని మీద గీత పడితే నాకు నిద్ర చెడకూడదు. మొదటి పరీక్ష పాత బండిని కాదంటుంది. మూడో పరీక్ష కొత్త మెరుపును కాదంటుంది. మధ్యలో మిగిలింది 2022 తరవాత తయారైన ఒక మామూలు చిన్న కారు, ఎవరో వాడి అమ్ముతున్నది. నాందేడులో ఒకటి చూశాను. ఎడమ తలుపు మీద జానెడు గీత ఉంది. అమ్మేవాడు పెయింటు వేయించి ఇస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. అబ్బాయి ఫోనులో పగలబడి నవ్వాడు.

ఇక ఒకటి తేలలేదు. పాత బండిని ఏం చేయాలి? మెకానిక్కు ఒక బేరం తెచ్చాడు. నలభై వేలిస్తారట. కొనేది పక్క పల్లె కుర్రవాడు, బడిపిల్లలను తిప్పుకుంటాడట. నా పక్కన కూర్చునేవాడికి క్షేమం కాదని నేను వదిలిన బండి, ఆ పిల్లలకు క్షేమం ఎలా అవుతుంది? అమ్మితే నా చేతులు శుభ్రంగా ఉంటాయి, బండి మాత్రం అలాగే ఉంటుంది. తుక్కుకు వేస్తే సగం కూడా రాదు. పైగా ఆ కుర్రవాడికి అదొక బతుకుతెరువు. నేను ఇవ్వకపోతే ఇంకొకడి దగ్గర ఇంకా పాతది కొంటాడు. ఇదీ నిజమే. అయినా "ఇంకొకడు ఎలాగూ ఇస్తాడు" అనేది నేను బడిలో ఏ పిల్లవాడి నోటా ఒప్పుకోని జవాబు.

తుక్కుకే వేయాలని మనసు చెబుతోంది. ఇరవై వేల నష్టం కూడా ఆ మనసే గుర్తు చేస్తోంది. గడువు దగ్గరికొస్తోంది. కాగితాల మీద సంతకం ఇంకా పెట్టలేదు.

మొన్న సాయంత్రం దర్జీ కొడుకు వచ్చాడు. బురద కాళ్ల పిల్లవాడు ఇప్పుడు ఇరవై దాటాడు, లైసెన్సు కూడా వచ్చింది. వాళ్ల అమ్మను కళ్ల పరీక్షకు బోధన్ తీసుకుపోవాలట. మేకు మీది తాళంచెవి తీసుకొని, ఎక్కే ముందు అలవాటుగా కాళ్లు దులుపుకున్నాడు. అలా అక్కర్లేదురా అందామనుకున్నాను. అప్పటికే బండి కదిలింది.